పాతబండి బేరము

మితమైన సొమ్ముతో పాత చిన్న కారును కొనుట నేటి ప్రసంగమునకు విషయము. కోటల ముట్టడులను, రాజుల విజయములను చెప్పవలసిన చరిత్ర ప్రసంగములలో ఈ కారు బేర మేల యని కొందఱు తలపవచ్చును. 1514 లో కృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గమును గెలుచుకొనిన కథ వినుటకు వేడుకగనే యుండును. కాని ఆ దుర్గపు నీడలో బ్రదుకు రైతు రెండేండ్ల పంట సొమ్మును ఒకనాటి ప్రొద్దున ముక్కుమొగము తెలియని వాని చేత పోసి, బండిని ఇంటికి తెచ్చుకొనగా, అది నెల తిరుగకుండ వాకిట కదలక కూర్చున్నచో, ఆ కుటుంబమునకు అదియు నొక కోట చేజాఱుటయే. అట్టి బేరములకును చరిత్ర కలదు. అది రాజుల చరిత్రకంటె పురాతనమైనది.

వరికుంటపాడు మొదలు ఉదయగిరి, ఆత్మకూరుల వఱకు గల మెట్టసీమను మీ రెఱుగుదురు. వాన వచ్చిన పంట, రాకున్న వలస. జిల్లా ముఖ్యపట్టణమైన నెల్లూరు మీ యూరికి సుమారు నూఱు కిలోమీటరుల దూరము. రాత్రివేళ ప్రసవవేదన వచ్చినను, ముసలివారికి గుండె పట్టివేసినను, తెల్లవారు దాక బస్సు కొఱకు కాచుకొనుట కుదురదు. మఱియొకవైపున ఈ సీమ బిడ్డలు చెన్నపట్టణమునందును, బెంగుళూరునందును, హైదరాబాదునందును కొలువులు చేయుచు అచ్చటి యిఱుకు వీథులకు తగిన చిన్న కార్లను కొనుచున్నారు. నాలుగైదేండ్లు నడపి, పెద్ద బండిపై మనసుపడి, ఆ చిన్నదానిని అమ్మివేయుచున్నారు. ఇట్లు పట్టణము కొఱకు పుట్టిన బండి పల్లెకు వచ్చి రెండవ జన్మ మెత్తుచున్నది. దానిని కొనువాడు మోసపోకుండుట యెట్లన్నదే మన ప్రశ్న.

ఈ ప్రశ్నను మన పూర్వులు చక్కగ గుర్తించిరి. క్రొత్త సరకు లోపము కంటి కగపడును; వాడిన సరకు లోపము అమ్మువానికి తెలియును గాని కొనువానికి తెలియదు. ఈ ఎచ్చుతగ్గును సరిచేయుటకు యాజ్ఞవల్క్యస్మృతి యొక యుపాయమును చెప్పినది. సరకును కొని యింటికి తెచ్చుకొన్న పిదప పరీక్షించి చూచుకొనుటకు ఇన్ని దినములని గడు వేర్పఱచినది. విత్తనములకు పది దినములు. ఇనుమున కొక్క దినము. పాడి పశువునకు మూడు దినములు. రత్నములకు ఏడు. బరువు మోయునట్టి, బండి లాగునట్టి పశువులకు ఐదు దినములు. ఎంత లోకానుభవమున్నదో చూడుడు! ఇనుము చేతబట్టిన నాడే తెలిసిపోవును. విత్తనము మొలకెత్తి చూపవలయును. ఆవు పాలు మూడు పూటలు పితికిన గాని నిజము బయటపడదు. ఎద్దు గుణము ఐదు దినములు కాడి మోసిన గాని తెలియదు. కౌటిల్యుని అర్థశాస్త్రమునందును కొన్నదానిని, అమ్మినదానిని త్రిప్పుకొనుటకు గడువులు కలవు: వర్తకులకు ఒక రాత్రి, సేద్యగాండ్రకు మూడు రాత్రులు, పశుపాలకులకు ఐదు రాత్రులు. వర్తకునికంటె రైతునకు ఎక్కువ గడువిచ్చుటలోని దయను మనము గమనింపవలయును.

ఈ ధర్మశాస్త్రము మన సీమకు పరాయిది కాదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర యను వ్యాఖ్య ననుసరించి, పదుమూడవ శతాబ్దమున కేతన 'విజ్ఞానేశ్వరీయము' అను తెలుగు గ్రంథమును రచించెను. ఈ కేతన తన 'దశకుమారచరిత్రము'ను తిక్కనకు అంకితమిచ్చినవాడు. తిక్కన నెల్లూరు మనుమసిద్ధి యాస్థానమునం దుండినవాడు. అనగా న్యాయశాస్త్రము తెలుగు మాటలలో పలికిన తొలినాళ్ళలోనే దానికి నెల్లూరి గాలి సోకినది.

ఆ గడువులు ఇప్పుడు లేవు. ఆంగ్లేయ న్యాయము వెంట వచ్చిన సూత్రము వేఱు: కొనువాడే చూచుకొనవలయును. 1930 నాటి సరకుల విక్రయ చట్టమునందు, చట్టము చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, వస్తువు మంచిదని అమ్మువాడు హామీ యిచ్చినట్లు భావింపరాదని యున్నది. పొరుగూరి ఆసామి మీకు తన కారు నమ్మిన మఱునాడు ఇంజను పగిలినచో, "నేను మంచిదని వ్రాసి యిచ్చితినా?" అని యాత డడుగవచ్చును. స్మృతికారులు కొన్న తర్వాత ఇచ్చిన ఐదు దినములను మనము కొనకముందే తీసికొనవలయును. నేను చెప్పబోవు దానిలో సగము ఈ మాటకు వివరణమే.

ఇక గిత్తల బేరమునకు వత్తము. ఈ విద్యలో మీకు నేను చెప్పగలిగినది తక్కువ. ఒంగోలు తాలూకా 1904 లో గుంటూరు జిల్లా యేర్పడు వఱకు నెల్లూరు జిల్లాలోనిదే. అందువలననే ఒంగోలు జాతి పశువులు పందొమ్మిదవ శతాబ్దమున సముద్రములు దాటి బ్రెజిలు దేశమునకు పోయినప్పుడు 'నెలోరె' అను పేరుతో పోయినవి. నేటికిని అక్కడివారికి ఆ పేరే. అట్టి పశువులు పుట్టిన సీమలో బేరగాండ్ర చూపు పదునుగ నుండుట సహజము. నోరు తెఱచి పండ్లు చూచుట మొదటి పని. రెండు పండ్లు వేసినదా, నాలుగా, ఆఱా, ఎనిమిదియు నిండినవా యని చూచి వయస్సు కట్టుదురు. అమ్మువాని నోటిమాట కంటె గిత్త నోరు నమ్మదగినది. పిమ్మట నడిపించి చూచుట, కాడి కట్టి చూచుట, బరువు వేసి మిట్ట యెక్కించుట. బేరము తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టుకొని దళారి నడుపును. ధర నలుగురికి తెలియదు, కాని మధ్యవర్తి మొగము నలుగురికి తెలియును. మోసము జరిగినచో మఱుసటి సంతలో ఆ మొగము చెల్లదు. అదియే నాటి పూచీపత్రము.

మోసములును తక్కువేమి కాదు. ముసలి గిత్త కొమ్ములు చివ్వి నూనె రాచి నిగనిగలాడించువారు. ఉప్పు మేపి నీళ్ళు త్రాగించి డొక్కలు నింపువారు. ఆవును పూటంతయు పితుకక పొదుగు బిగిసి కనబడునట్లు చేయువారు. ఈ మూటికిని కారు సంతలో తోబుట్టువు లున్నవి. క్రొత్త రంగు, మెఱుగు మైనము కొమ్ములకు రాచిన నూనె. చిక్కని నూనె పోసి అఱిగిన ఇంజను చప్పుడు అణచుట డొక్క నింపుట. తిరిగిన కిలోమీటరులను చూపు మీటరును వెనుకకు త్రిప్పుట పొదుగు బిగించుట. ఇంకొక పోలికయు చెప్పక మానలేను: గిత్తకు సుడులు చూచినట్లే, నేడు కారునకు నంబరు అంకెలు కూడి తొమ్మిది వచ్చినదా యని చూచుచున్నారు. సుడి మంచిదైన గిత్త పండ్లు లేనిదైనను కొన్న పెద్దమనుష్యు లున్నట్లే, నంబరు కుదిరినదని ఇంజను చూడక కొనువా రున్నారు. వారి సంగతి వారికే విడుతము.

కార్లు మన దేశమునకు వచ్చినప్పుడు అవి జమీందారులకును, దొరలకును, పెద్ద వకీళ్ళకును చెందినవి. బొంబాయిలో 1928 లో జనరల్ మోటార్సువారు విడిభాగములు తెచ్చి కార్లను బిగించుట మొదలిడిరి. ఫోర్డువారు అంతకు రెండేండ్ల ముందే ఈ దేశమున తమ కంపెనీని పెట్టియుండిరి. స్వదేశ కంపెనీలు రెండవ ప్రపంచ యుద్ధకాలమున పుట్టినవి: 1942 లో హిందుస్థాన్ మోటార్స్, 1944 లో ప్రీమియర్ ఆటోమొబైల్స్. 1948 లో మన మద్రాసున స్టాండర్డు మోటారు కంపెనీ వచ్చినది. 1953 లో ప్రభుత్వము, ఇక్కడనే భాగములు తయారుచేయని వారికి చోటు లేదనగా ఫోర్డు, జనరల్ మోటార్సు వెడలిపోయినవి. మిగిలినవి మూడు: హిందుస్థాన్ వారి అంబాసిడరు, ప్రీమియర్ వారి ఫియట్టు, స్టాండర్డు వారి హెరాల్డు. ముప్పదియేండ్లు దేశమంతయు ఇంచుమించు ఈ మూటితోనే గడపినది.

ఆ కాలమున ఒక విపరీతము జరిగినది. దానిని చరిత్ర తెలిసినవారు మఱవరాదు. కార్ల తయారీకి పరిమితి, ధరలకు నియంత్రణ, 1969 లో ప్రభుత్వమే చట్టబద్ధముగ ధరలను నిర్ణయించెను. ఆ ధరల విషయమై కంపెనీలు సుప్రీంకోర్టు వఱకు పోయినవి. కొనగోరువారు సొమ్ము కట్టి పేరు వ్రాయించుకొని ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెను. ఫియట్టు కొఱకు వేచినవారి ఓపిక సామెతయైపోయినది. దాని ఫలితముగ, వేచి వేచి చేజిక్కించుకొన్న కారును కొంత నడపి అమ్మినను కొన్న వెలకు తక్కువ రాదు; ఒక్కొక్కప్పుడు ఎక్కువయే వచ్చును. వాడిన వస్తువు క్రొత్తదానికంటె ప్రియమగుట లోకవిరుద్ధము గాని, కొఱత యున్న చోట అదియే న్యాయమగును. పాత కారు చౌకబేరమను తలంపు ఆనాడు లేదు. మనలో వయసు మీఱినవారు కొందఱు ఇప్పటికిని "కారు ధర పడిపోదు" అని వాదించుట ఆ కాలపు వాసనయే. ఆ వాదన ఇప్పుడు చెల్లదు.

ఎందుకనగా 1983 డిసెంబరు 14 వ తేదీన ఢిల్లీ సమీపమున గుర్‌గాంవ్ కర్మాగారము నుండి మారుతి 800 వెలువడినది. జపాను దేశపు సుజుకీ కంపెనీతో 1982 లో కుదిరిన ఒడంబడిక ఫలితమది. ఇంజను 796 ఘనసెంటీమీటరులు, మూడు సిలిండరులు, అంబాసిడరుతో పోల్చిన పిల్లబండి. వెల సుమారు 47,500 రూపాయలు. మొదట దానికిని జనము పేర్లు వ్రాయించుకొని వేచిరి. కాని ఏటేట తయారీ పెఱిగి ఆ వరుస కరగిపోయినది. 2014 జనవరిలో తయారీ నిలిపివేయునాటికి ఇరువదియైదు లక్షలకు పైగా తయారైనవి. ఇన్ని బండ్లు ఒక్క తీరున నుండుటచే ప్రతి పట్టణమునను దాని మర్మము తెలిసిన మేస్త్రీలు, దాని భాగములమ్ము అంగళ్ళు వెలసినవి. పల్లెటూరి కొనుగోలుదారునకు ఇదియే నిజమైన లాభము. బండి మంచిదా యనుటకంటె, అది చెడినపుడు కందుకూరులోనో కావలిలోనో దానిని విప్పగల చేయి కలదా యనుటయే ముఖ్యము.

1991 తర్వాత తలుపులు తెఱచుకొన్నవి. 1993 లో జెన్. 1998 లో చెన్నపట్టణపు చేరువ శ్రీపెరుంబుదూరు ప్రాంతమున తయారైన సాంట్రో. అదే యేట టాటావారి ఇండికా. 2000 లో ఆల్టో. 2009 లో లక్ష రూపాయల కారని పేరు మోసిన నానో వచ్చినది. ఈ నానో కథ మనకు పాఠము వంటిది. స్కూటరుపై నలుగురు వానలో పోవుటను చూచి పేదవానికి కారీయవలెనని తలపెట్టినది అది, తలంపు గొప్పది. కాని నానో క్రొత్తదాని వెలకు, వాడిన మారుతియో ఆల్టోయో దొరకుచుండగా, జనము వాడినదానినే యెన్నుకొనిరి. 2018 నాటికి దాని తయారీ ఇంచుమించు ఆగిపోయినది. లక్ష రూపాయల కారు నిజముగ సంతలోనే యున్నది, అది పాతది.

క్రొత్త కారు విలువ ఎంత వేగముగ తఱుగునో బీమావారి పట్టిక చెప్పును. ఒక యేడు నిండు లోపల నూటికి పదునైదు. రెండవ యేట ఇరువది. మూడవ యేట ముప్పది. నాలుగవ యేట నలువది. ఐదవ యేట ఏబది. అనగా నాలుగు లక్షల బండి ఐదేండ్లు నిండునప్పటికి బీమా లెక్కలో రెండు లక్షలది. సంతలో ధర దీనికి కొంచె మిటునటు నుండును. మొదటి సొంతదారు సగము నష్టమును భరించి బండిని మనకు విడిచిపోవుచున్నాడు. నాలుగు నుండి ఏడేండ్ల వయసుగల చిన్న బండి మితవ్యయపరునకు తగినదని నా యభిప్రాయము. అంతకు చిన్నదానికి వెల హెచ్చు. అంతకు పెద్దదానికి ఖర్చు హెచ్చు. మఱొకటి: 2025 సెప్టెంబరులో చిన్న కార్లపై జీఎస్టీ 28 నుండి 18 కి తగ్గింపబడినది. క్రొత్తదాని ధర తగ్గిన, పాతదాని ధరయు దాని వెంట దిగవలయును. కొన్ననాటి చీటి చూపి పాత లెక్కతో ధర చెప్పువానితో ఈ మాట అనవచ్చును.

చేతనున్న సొమ్మంతయు బండికే పెట్టరాదు. లక్షన్నర యున్నచో లక్షా పాతికవేలకు మించిన బండిని చూడనే వలదు. బ్యాటరీ, టైర్లు, క్లచ్చి పలకలు, బీమా — ఇవి ముందుగ చెప్పిరావు.

ఇప్పుడు పండ్లు చూచుటకు వత్తము. ఉదయము చల్లబడియున్న ఇంజనును మీ యెదుట మొదటిసారి నడుపుమనుడు. ముందే వేడిచేసి యుంచినచో అనుమానింపుడు. చలిలో మొండికెత్తు ఇంజను వేడిలో బుద్ధిగ నుండును. పొగ నీలముగ నున్నచో లోపల నూనె కాలుచున్నది. నల్లగ నున్నచో పెట్రోలు సరిగ మండుట లేదు. వేడెక్కిన పిదపను తెల్లని పొగ మానకున్నచో చల్లార్చు నీరు లోపలికి పోవుచున్నది. నూనె పోయు మూతను విప్పి చూడుడు. అడుగున మజ్జిగ తేట వంటి తెల్లని జిగురు మందముగ నున్నచో ఆ బేరమును అంతటితో విడువుడు. పట్టణమున తిరిగిన బండికి కిలోమీటరులు తక్కువగ నున్నను క్లచ్చి, బ్రేకులు ఎక్కువ అఱిగియుండును. నిమిషమునకొక దీపము కడ ఆగి కదలిన బండి అది. రహదారిపై లక్ష కిలోమీటరులు పోయిన బండి, వీథులలో నలువదివేలు తిరిగినదానికంటె ఆరోగ్యముగ నుండవచ్చును. మీటరు తక్కువ చూపినను, పాదము మోపు రబ్బరులు నున్నగ అఱిగి, చక్రము పట్టు చోట తోలు జాఱిపోయినచో, ఆ మీటరు అబద్ధ మాడుచున్నది. టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చొత్తి యుండును: మొదటి రెండు వారము, తర్వాతి రెండు సంవత్సరము. ఇవి కారు పండ్లవంటివి. వీనిని చివ్వి నూనె రాయుట కష్టము.

వరదలో మునిగిన బండ్ల సంగతి వేఱుగ చెప్పవలయును, ఏలయన ఈ సీమ మూడు పెద్ద పట్టణముల నడుమ నున్నది. 2015 డిసెంబరులో చెన్నపట్టణమును అడయారు, కూవము ముంచివేసినప్పుడు వేలకొలది కార్లు నీట మునిగినవి. 2020 అక్టోబరులో హైదరాబాదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు దినముల తరబడి నీటిలో నుండినవి. మునిగిన కారునకు బీమావారు సొంతదారునకు సొమ్ము చెల్లించి, ఆ శల్యమును అమ్మివేయుదురు. దానిలో తప్పు లేదు. కాని కొన్నవారిలో కొందఱు దానిని ఆరబెట్టి, కడిగి, రంగువేసి, ఆ వరద వార్త చదువని దూరపు సీమలకు తోలుచుందురు. మెట్టసీమలవారు వరద నెఱుగరు గనుక వరదబండిని గుర్తింపలేరని వారి లెక్క.

గుర్తించుట యసాధ్యము కాదు. తలుపులన్నియు బిగించి ఎండలో అరగంట యుంచి తెఱచినచో, బూజు వాసన వచ్చునేమో చూడుడు. సువాసన ద్రవ్యము గుప్పుమన్నను అంతే అనుమానము. అడుగు తివాచీ అంచు నెత్తి వ్రేలితో రాయుడు, సన్నని ఒండ్రు తగులునేమో. కుర్చీలు జరుగు ఇనుప కమ్ములు తుప్పు పట్టరాదు. రక్షణపట్టీని పూర్తిగ బయటికి లాగి చివర చూడుడు. మడతలో నుండు భాగమును కడుగుట ఎవరికిని తోచదు. దీపముల గాజు లోపల చెమ్మ గీత యున్నచో నీ రెంత యెత్తున నిలిచినదో అదియే చెప్పును. ఇట్టి బండి మొదటి నెల చక్కగ నడచును. పిమ్మట తీగెల కొసలు పచ్చబడి, ఒకనాడు దీపములు, ఒకనాడు ఇంజను, ఆపదవేళ గాలిసంచులు మొరాయించును. నడిరాత్రి రోగితో మఱ్ఱిపాడు దాటి పోవుచుండగా నిలిచిపోవు బండి, లేని బండికంటె అపాయకరము. ఎంత చౌకగ వచ్చినను నేను దీనిని కొనుమని చెప్పను.

ఢిల్లీ కార్లు మఱొక తీరు. రాజధాని ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు బండ్లను, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లను తిరుగనీయరాదని 2015 లో హరిత న్యాయస్థానము చెప్పగా, 2018 లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. దానితో అచ్చటి బండ్లు చౌకయై దక్షిణమునకు దిగినవి. బండి చౌకయే, కాని పరరాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ నుంచుకొన్నచో ఇక్కడి నంబరు తీసికొనవలయును, ఇక్కడి జీవితకాలపు పన్ను కట్టవలయును, అచ్చటి కార్యాలయము నుండి ఆక్షేపణ లేదను పత్రము తేవలయును. ఈ మూటి ఖర్చును కూడినచో చౌక చాలవఱకు ఆవిరియగును.

కాగితముల మాట కడపటికి ఉంచితిని. గిత్తల బేరములో పలుపు చేతికి వచ్చిన సొంతమే. కారు అట్లు కాదు. తాళము చేతికి వచ్చినను, రిజిస్ట్రేషను పుస్తకములో పేరు మాఱనంత వఱకు లోకమునకు అది పాత సొంతదారునిదే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము అమ్మినవాడు పదునాలుగు దినములలో కార్యాలయమునకు తెలుపవలయును. కొన్నవాడు ముప్పది దినములలో దరఖాస్తు చేయవలయును. రాష్ట్రములు వేఱైనచో అమ్మినవానికి నలువదియైదు దినముల గడువు. మనవారు చేయునది ఏమనగా, అచ్చు కాగితములపై ఖాళీగ సంతకములు పెట్టించుకొని ట్రంకుపెట్టెలో దాచుట. ఆ బండిని మఱల అమ్మునప్పుడు ఆ కాగితములే మఱొకని పెట్టెలోనికి పోవును.

దీని ఫలము నెఱుగవలెనన్న 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నొకదానిని వినుడు. ఒక కారు ఇట్లే చేతులు మాఱుచు పోయినది. పుస్తకములో మాత్రము మొదటివాని పేరే నిలిచినది. 2009 లో ఆ కారు వెనుకకు వచ్చుచు ఒక స్త్రీని గాయపఱచి, ఒక బిడ్డ ప్రాణమును తీసినది. పరిహార మెవరు చెల్లించవలయును? అప్పుడు నడపుకొనుచున్నవాడా, ఎప్పుడో అమ్మి మఱచినవాడా? చట్టము దృష్టిలో సొంతదారు పుస్తకములో పేరున్నవాడే యని న్యాయస్థానము తేల్చినది. చచ్చిన బిడ్డ తలిదండ్రులు బండి వెంట, ఊరి వెంట, చేతులు మాఱిన వరుస వెంట తిరుగవలసిన పని లేదని దాని యర్థము. తీర్పు ధర్మమైనదే. కాని కారు అమ్మి సొమ్ము తినివేసి నిశ్చింతగ పండుకొన్న మన రైతుల మాట యేమి? కావున ఈ మాట కొనువారికంటె అమ్మువారికే ముందు చెప్పుచున్నాను.

కొనువారు మూడు సంగతులు చూడవలయును. ఇంజను మీదను, చాసిస్ మీదను చెక్కిన అంకెలు పుస్తకములోని వానితో ఒక్కొక్కటిగ సరిపోవలయును. బండిపై అప్పున్నచో బ్యాంకువారు అప్పు తీఱినదని ఇచ్చు పత్రము చూడవలయును. తాకట్టు బండి మీ వాకిట నున్నను బ్యాంకువారిదే. ప్రభుత్వమువారి వాహన్ పట్టికలో నంబరు వేసి, జరిమానాలు, పన్నులు ఏమైన మిగిలియున్నవా యని మీ మనుమని చేత చూపించుకొనుడు. పదునైదేండ్లు నిండిన బండికి రిజిస్ట్రేషను ముగియును. దానిని ఐదేండ్లకు పొడిగించుకొనుటకు 2022 ఏప్రిలు నుండి కార్లకు రుసుము బాగుగ పెఱిగినది. పదునాలుగేండ్ల బండి చౌకగ వచ్చుటలో రహస్య మిదియే.

దళారిని గూర్చియు చట్ట మిప్పుడు పట్టించుకొన్నది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల చొప్పున, 2023 ఏప్రిలు నుండి పాత వాహనముల వర్తకుడు అధికారపత్రము పొందవలయును. సొంతదారు తన బండిని ఆతనికి అప్పగించినప్పుడు ఆ సంగతి రవాణా కార్యాలయమునకు తెలుపబడును. అది మొదలు వర్తకుడే సొంతదారుగ ఎంచబడును. తువ్వాలు క్రింద నున్న చేయి ఇన్నాళ్ళకు బయటికి వచ్చి సంతకము చేయుచున్నది. నగరములో బండి చూడబోయినప్పుడు ఆ పత్రమును చూపుమని అడుగుడు. చూపలేనివాని కడ బేర మాడరాదని కాదు. ఆడినచో బండి తెచ్చుకొనకముందే పేరు మార్పు జరుగవలయును.

బీమా మాట యొకటి మిగిలినది. ఇతరులకు కలుగు నష్టమును గూర్చిన బీమా బండితో పాటు క్రొత్త సొంతదారునకు వచ్చినట్లే చట్ట మెంచును. బండికి కలుగు నష్టమును గూర్చిన బీమా అట్లు రాదు. పదునాలుగు దినములలో బీమా కంపెనీకి వ్రాసి పేరు మార్పించుకొనవలయును. ఏండ్ల తరబడి ప్రమాదము లేక నడపినందుకు పాత సొంతదారునకు దొరకిన రాయితీ ఆతనితోనే పోవును, బండితో రాదు. మీరు కట్టవలసిన రుసుము ఆతడు కట్టిన దానికంటె ఎక్కువగ నుండును. కావున ఆతని పాత చీటీ చూచి లెక్క వేసికొనక, బేరమునకు ముందే బీమా కార్యాలయమున అడిగి, ఆ మొత్తమును బండి వెలలో కలిపికొని చూచుకొనుడు.